హస్తవాసి ఎన్నో వెర్షన్?

ఆ రోజుల్లో నాకు రెండు అలవాట్లు ఉండేవి. ఏ కాగితం అడుగున చిన్న అక్షరాలు కనిపించినా ఆఖరి చుక్క దాకా చదవడం ఒకటి. చదివినదాన్ని, ఎవరూ అడగకపోయినా, చుట్టూ ఉన్నవాళ్ళకు అంశాలవారీగా విప్పి చెప్పడం రెండోది. మొదటి అలవాటు నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది (ఒక నిర్మాణ కంపెనీ కార్యాలయంలో నక్షాలకూ ఉత్తరాలకూ వరుస నంబర్లు వేసి భద్రపరిచే పని). రెండోది నాకు పేరు తెచ్చిపెట్టింది. నెల్లూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ నేను వాదోపవాదాల పోటీలకు వెళ్ళేవాణ్ణి. అక్కడ ఏ మాటైనా 'అధ్యక్షా' అనే మొదలుపెట్టాలి. అది నాలుకకు అంటుకుపోయింది. దుబాయ్‌లో దిగిన మొదటి వారం, గదిలో స్నానాల వంతు గురించి మాటామాటా పెరిగినప్పుడు, నేను మంచం మీంచి లేచి నిలబడి, "అధ్యక్షా! ఈ వంతుల విధానంలో మూడు లోపాలున్నాయి" అన్నాను. ఆ గదిలో అధ్యక్షుడనేవాడు లేడు. ఖాళీగా ఉన్న ఆ పదవి ఆ పూటే నాకు దక్కింది. దుబాయ్‌లో మేమున్న అల్ కుసైస్ పేటలో ఉన్నన్నాళ్ళూ బ్యాంకువాళ్ళు తప్ప నన్ను సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు.

మా గది రెండో అంతస్తులో. మూడు మంచాలు, ఒక కిటికీ, ఆ కిటికీని ముప్పావు వంతు మింగేసిన ఒక ఏసీ, ముగ్గురం కలిసి తెచ్చుకున్న ఒక కంప్యూటర్. మంచాలు తప్ప మిగతావన్నీ ఉమ్మడి. కూర ఉమ్మడి, బకెట్లు ఉమ్మడి, ఇస్త్రీపెట్టె ఉమ్మడి. ఊరి నుంచి ఎవరికి పచ్చడి వచ్చినా సీసా మూత మూడు చేతులూ తీసేవి. (ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఇక్కడే ఉంది.) గదిలో పెద్దవాడు మామ. ఎవరికి మామ అని అడగకూడదు, అందరికీ మామే. కరీంనగర్ వైపు మనిషి, మా కంపెనీ గోదాంలోనే స్టోర్‌కీపర్, నలభై దాటిన వయసు. రెండోవాడు భాయ్. కడప జిల్లా నుంచి వచ్చిన ఏసీ మెకానిక్, తక్కువ మాట్లాడే మనిషి. స్వభావమే అంతో, లేక నేనున్న గదిలో ఉండటం వల్ల ఖాళీ దొరకక అలా అయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు.

భాయ్ చేతి గురించి కొంచెం చెప్పాలి. ఎండలు ముదిరిన రోజుల్లో మా ఏసీ మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయేది. మామ లేచి దాన్ని అరచేత్తో రెండు బాదేవాడు. అది కదిలేది కాదు. నేను దాని వివరణ పుస్తకం తెచ్చి ఏడో పేజీ చదివి వినిపించేవాణ్ణి. మామకు చెమటతోపాటు కోపం కూడా పట్టేది. ఇంతలో భాయ్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, జ్వరం చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టేవాడు. ఏసీ ఒక్కసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టేది. "హస్తవాసిరా ఇది," అనేవాడు మామ గౌరవంగా. "మా ఊళ్ళె డాక్టర్‌కుండె. సూదె ఎయ్యకపోతుండె, చెయ్యి వట్టి సూస్తె సాలు, జరం దిగుతుండె." భాయ్ సిగ్గుపడేవాడు. "హస్తవాసీ లేదు ఏమీ లేదు మామా, లోపల వైరు లూజుంది" అనేవాడు. ఆ వైరు మామ చేతికీ నా చేతికీ ఎందుకు లొంగదో మాత్రం ఆయనా చెప్పలేకపోయేవాడు.

ఇక మామకు జీవితంలో ఒకే ఒక్క అపవాదు ఉండేది. తన పెళ్ళైన మర్నాడు, విడిది ఇంట్లో, పెళ్ళికూతురి తమ్ముడితో కూర్చుని పత్తాలాడుతుండగా, మామ తొడ కింద ఒక ముక్క దొరికిందట. ఇస్పేటు రాజు. "బావ తొండి! బావ తొండి ఆడిండు!" అని ఆ బామ్మర్ది వేసిన కేక వంటశాల దాకా వినిపించిందట. మామ వాదన ఏమిటంటే, ఆ రోజు తాను కట్టుకున్నది పట్టు పంచె, పట్టు మీద ముక్క నిలవదు, జారింది, అంతే. కానీ ఆ బామ్మర్ది పెరిగి పెద్దవాడై, అబూదబీ పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీకి ఫోర్‌మన్ కూడా అయి, ప్రతి శుక్రవారం ఫోన్ చేసి మొదటి మాటగా, "ఏం తొండి బావా, మంచిగున్నవా?" అనేవాడు. పదిహేడేళ్ళు. ఫోన్ పెట్టేశాక మామ నా వైపు తిరిగి, "పట్టు పంచె జారదారా? నువ్వే జెప్పు అధ్యక్షా" అనేవాడు. నేను పట్టుబట్టకు ఉండే జారే గుణం గురించి అనుకూలంగా ఐదు నిమిషాలు మాట్లాడేవాణ్ణి.

రెండువేల ఆరు ప్రాంతంలో ఆ బామ్మర్దే ఒక కబురు చెప్పాడు. నెట్‌లో ఒక పేకాట స్థలం ఉందనీ, పోకర్ అనే ఆట ఆడవచ్చుననీ, మూడు శుక్రవారాల పోటీ ఒకటి పెడుతున్నారనీ, దమ్ముంటే బావను రమ్మనీ. పందెం కట్టే సైట్లు ఆ దేశంలో తెరుచుకోవు, తెరుచుకోవాలన్న కోరిక మాకూ లేదు. అందుకే భాయ్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో పైసలున్నాయా అప్పా?" అని. నేను ఆ సైటు పేజీలు తిరగేసి నివేదిక సమర్పించాను: అన్నీ ఉత్తుత్తి బిళ్ళలే, పైసా పెట్టేది లేదు, పైసా వచ్చేది లేదు, గెలిచినవాడి పేరు మొదటి పేజీలో వారం రోజులు ఉంటుంది, అంతే. "అట్లయితే సరే. నేను మాత్రం ముక్కలు ముట్టను. నాకు రావు, నేర్పొద్దు" అన్నాడు భాయ్. ఆట కష్టమైనది కాదు. ఆడేవాడికి రెండు ముక్కలు రహస్యంగా ఇస్తారు. మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనిపించేట్టు ఒక్కొక్కటే తెరుస్తారు. అన్నీ కలిపి ఎవరి జత గొప్పదైతే వాడిది గెలుపు. నమ్మకం ఉంటే బిళ్ళలు పెట్టాలి, లేకపోతే ముక్కలు పారేసి తప్పుకోవాలి. మరీ తెగువ వస్తే ఉన్నదంతా ఒక్కసారిగా పెట్టెయ్యవచ్చు. దాన్ని 'ఆల్ ఇన్' అంటారని చెప్పాను. మామ చెవికి అది 'అల్ ఐన్' అని వినిపించింది. ఖర్జూరపు తోటల అల్ ఐన్‌కు కంపెనీ సామాను పట్టించుకుని నెలకోసారి వెళ్ళివచ్చే మనిషి ఆయన. "అంటె సామానంత బండ్లకెక్కిచ్చి, గోదాం తాళమేసి, యల్లా, పోదాం పా అన్నట్టే గదా" అని తేల్చేశాడు. సవరించబోయి మానుకున్నాను. అసలు మాట కంటే ఆ మాటే బాగుంది.

ఖాతా మామది. పేరు 'గోదాం మామ'. బామ్మర్ది ఖాతా పేరు 'ముసఫ్ఫా టైగర్'. ఆట నడిచే పద్ధతి మాత్రం మా గదికి తగ్గట్టుగా ఉండేది. మామ కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకునేవాడు. నేను కుర్చీ వెనక నిలబడి, "మామా, ఇది పారెయ్. ఎదుటివాడు మూడుసార్లుగా వెనక్కి తగ్గడం లేదు, ఆధారం లేనివాడు అంత ధైర్యం చెయ్యడు" అనో, "ఇప్పుడు వదలొద్దు, వాడిది ఉత్త గాంభీర్యం" అనో విశ్లేషిస్తూ ఉండేవాణ్ణి. అసలు ఘట్టం వచ్చేసరికి మామ మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "భాయ్! జర నీ చెయ్యి వెట్టు!" అని కేకవేసేవాడు. ఉల్లిపాయలు కోస్తున్న భాయ్ వచ్చి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, తెర వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూస్తూ, ఒకే ఒక్క వేలితో నొక్కి వెళ్ళిపోయేవాడు. "ఆడేది మీరు. స్విచ్చు నొక్కేది నా డ్యూటీ" అనేవాడు. విచిత్రం ఏమిటంటే, ఆ వేలు నొక్కినప్పుడల్లా మామకు కావలసిన ముక్కే తెరుచుకునేది. రెండు శుక్రవారాలు గడిచేసరికి పోటీలో మిగిలింది తొమ్మిది మంది. అందులో గోదాం మామ ఉన్నాడు. ముసఫ్ఫా టైగరూ ఉన్నాడు. "ఇప్పుడు జెప్పుమను తొండి అని," అన్నాడు మామ. ఆ సాయంత్రం ఏసీ కూడా ఆగలేదు.

మర్నాడు మామకు సైటు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఫైనల్ ఆడబోయేవాళ్ళు నిబంధనలు చదివి అంగీకారం తెలపాలట. మామ అంగీకారం మీద నొక్కబోతుంటే నేను మణికట్టు పట్టుకున్నాను.

"చదవకుండా ఒప్పుకోవడం అబద్ధమాడటమే మామా."

"మరి మొదలు ఖాతా తెరిచిననాడు గట్లనే ఒప్పుకుంటిగద!"

"అప్పుడు నేను స్నానానికి వెళ్ళాను."

చదివాను. నాలుగో నిబంధన దగ్గర ఆగాను. ఒక ఖాతా, ఒక మనిషి. ఖాతాదారు తప్ప మరొకరు ఆ ఖాతాతో ఆడకూడదు. ఆట మధ్యలో ఖాతా చేతులు మారకూడదు. నేను 'చేతులు' అన్న మాటను రెండుసార్లు చదివి భాయ్ చేతి వైపు చూశాను. భాయ్ ఆ చేతిని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

"చేతులు మారుడు తప్పెట్లయితదిరా?" అన్నాడు మామ. "ఊళ్ళె ఆట కాడ ఒగడు బీడికి లేస్తె పక్కోడు ఆని చెయ్యి ఆడడా? గది మర్యాద!"

"నేను ఆడలేదే," అన్నాడు భాయ్. "ఆడను గూడ ఆడను. నేను గడియారం చూస్తాంటి."

ఆయన చూపు గడియారం మీద ఉన్నప్పుడు వేలు ఎవరిది అన్నది మౌలికమైన ప్రశ్న అని నేను ప్రకటించాను. నిర్ణయం ఒకరిదీ, నొక్కుడు మరొకరిదీ అయితే ఆడినవాడు ఎవరు? నిబంధన మౌనంగా ఉన్నచోట అధికారులను అడగాలి. మామ, "అడుగుడెందుకురా? శుక్రారం నాడు భాయ్ ముట్టడు. ఖలాస్" అన్నాడు. ఆ వారంలో మా గదిలో ఎవరైనా అన్న అత్యంత తెలివైన మాట అది. కాబట్టి నేను తిరస్కరించాను. "జరిగిపోయిన రెండు శుక్రవారాల మాటేమిటి మామా?" అని అడిగాను. అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఇబ్బంది పడితే, నాకు ఆ రోజుల్లో కడుపు నిండినట్టుండేది.

ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో రాయాలి, హస్తవాసికి మాట దొరకలేదు. అదృష్టం అని రాస్తే చాలదు. అదృష్టం ఎవరికైనా ఉంటుంది. చేతి మహిమ అంటే మంత్రగాణ్ణి పెట్టుకున్నామని అనుకుంటారు. చివరికి ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, గౌరవసూచకంగా మొదటి అక్షరాన్ని పెద్దది చేశాను. (ఆ పెద్ద అక్షరమే మా కొంప ముంచింది.) వ్యక్తుల ప్రస్తావన రాకుండా, కళాశాలలో నేర్పిన నిర్లిప్త శైలిలో, ఉత్తరం ఇలా సాగింది: 'మా ఖాతాదారు కీలకమైన సమయాల్లో హస్తవాసి సహాయం తీసుకుంటారు. అది తెరను చూడదు. అది నిర్ణయాలు చేయదు. బటన్ నొక్కడం మాత్రమే దాని పని. ఇప్పటిదాకా ఫలితాలు ఎంతో సంతృప్తికరంగా ఉన్నాయి. ఇది న్యాయమైన ఆట కిందికి వస్తుందా, రాదా?' రెండు అచ్చుతప్పులు దిద్ది, మామ పేరుతో పంపించాను. పంపేముందు మామకు వినిపించాను కూడా. "మంచిగుంది. కోర్టు కాగితం లెక్కుంది" అన్నాడు పాపం.

రెండు రోజులకు జవాబు వచ్చింది. న్యాయమైన ఆటను చూసుకునే విభాగం వాళ్ళు రాశారు. నేను అలవాటు చొప్పున లేచి నిలబడి, గట్టిగా తెలుగులోకి చెబుతూ చదివాను: 'మీ ఖాతాను తాత్కాలికంగా నిలిపివేశాము. మీరు ఉపయోగిస్తున్న హస్తవాసి అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు తయారుచేశారు, అది ఎన్నో వెర్షన్, ఎక్కణ్ణుంచి దించుకున్నారు, దయచేసి తెలియజేయండి.'

మామ నెమ్మదిగా భాయ్ వైపు తిరిగాడు.

"ఏం భాయ్, ఎన్నో వెర్షనువయ్యా నువ్వు?"

భాయ్ చపాతీలు ఒత్తడం ఆపలేదు. "మా నాయనకు నేను మూడోవాణ్ణి మామా. మూడో వెర్షన్ అని రాయించు. దించింది కడపలో."

ఆ మాటకు అప్పుడు నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను. అంతలోనే ఫోన్ మోగింది. సైటులో ఫైనల్ జాబితాలో గోదాం మామ పేరు పక్కన 'విచారణలో ఉంది' అని ఎర్రగా రాశారట. అది ముసఫ్ఫాలో కనిపించింది. బామ్మర్ది గొంతు గది నలుమూలలకూ వినిపించింది. "బావా! నెట్టుల గూడ తొడ కింద ముక్క వెట్టినవా? అరె, దొంగ బుద్ధి సముద్రం దాటినా పోదాయె!" మామ ఫోన్ ఆపి మంచం మీద పెట్టాడు. "పదిహేడేండ్లసంది ఆడొక్కడే అంటుండె," అన్నాడు. "ఆడు బామ్మర్ది, అంటడు, పడ్డ. ఇప్పుడు కాగితం మీద రాసిచ్చినట్టాయె. ఆళ్ళ అక్కకు గూడ జెప్తడు. నా బిడ్డకు గూడ జెప్తడు." నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ప్రతివాదన చేసేవాణ్ణి. అనకపోవడం వల్ల చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆ పూట నేను వండిన పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

రెండో ఉత్తరం రాశాను. అందులో పెద్ద అక్షరాలు లేవు, నిర్లిప్త శైలి లేదు. హస్తవాసి సాఫ్ట్‌వేర్ కాదనీ, మనిషి చెయ్యి అనీ, ఆ చెయ్యి గదిలో మా పక్కమంచం మీద ఉండే ఏసీ మెకానిక్‌దనీ, మా వైపు కొందరి చెయ్యి పడితే మంచి జరుగుతుందని ఒక నమ్మకం ఉందనీ చెప్పాను. ఈసారి జవాబు మర్నాడే వచ్చింది, ముగ్గురు మనుషులు చదివి నవ్వుకున్నట్టున్న మెత్తదనంతో. మూడు ప్రశ్నలు అడిగారు. నేను మళ్ళీ లేచి నిలబడి చదివాను. 'ఒకటి: ఏ ముక్క ఆడాలో నిర్ణయించేది ఎవరు?' మామ, "నేనే" అన్నాడు. 'రెండు: మెకానిక్ గారు ఎన్నిసార్లు బటన్ నొక్కారు?' భాయ్ వేళ్ళ మీద లెక్కపెట్టి, "పది, పన్నెండు" అన్నాడు. 'మూడు: ఆడుతున్నప్పుడు ఖాతాదారు వెనక నిలబడి, ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఎదుటివారి మనసులో ఏముందో చెప్పేవారు...' అక్కడిదాకా వచ్చాక నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. '...ఎవరైనా ఉన్నారా?'

ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"అధ్యక్షా," అన్నాను (ఎవరినో, దేవుడికే తెలియాలి), "సలహా వేరు, చర్య వేరు. సలహా అనేది అభిప్రాయం. అభిప్రాయాన్ని స్వీకరించే, తిరస్కరించే స్వేచ్ఛ ఖాతాదారుకు సంపూర్ణంగా ఉంది. కాబట్టి..." అలా చాలాసేపు మాట్లాడాను. నా జీవితంలో అంత చక్కగా ఎన్నడూ మాట్లాడలేదు. ముగించి నీళ్ళు తాగుతుంటే భాయ్ అన్నాడు: "కోపం చేసుకోవద్దు అధ్యక్ష సాబ్. నేను ఒక పూటకు ఐదారుసార్లు నొక్కినా. నువ్వు ఒక్కో ముక్కకు పదిసార్లు చెప్తివి. ఎవరు ఆడినట్టప్పా?"

మూడేళ్ళ పోటీల్లో అంత పొట్టి ప్రతివాదన నాకెప్పుడూ ఎదురుకాలేదు. నిజం అదే. రెండు శుక్రవారాలూ కుర్చీ మామది, వేలు భాయ్‌ది, ఆట నాది. తొమ్మిది మందిలోకి వచ్చినప్పుడు లోలోపల ఛాతీ ఉప్పొంగింది కూడా నాకే. అలాంటి నేను, ఉల్లిపాయల వాసన వేసే ఒక వేలి మీద విచారణ జరిపించాను.

"నిజం రాస్తే పోటీలోంచి తీసెయ్యవచ్చు మామా," అన్నాను.

మామ మంచం మీద బాసింపట్టు వేసుకుని ఆలోచించాడు. "రాయి. తీసేస్తె తీసెయ్యనీ. గాని, మేమే జెప్తున్నమని రాయి. వాళ్ళు వట్టుకున్నరని గాదు. గంతే."

అలాగే రాశాను. 'సలహాదారు ఒకరున్నారు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆయనే' అన్న రెండు వాక్యాలు రాయడానికి నాకు మొదటి ఉత్తరమంత సమయం పట్టింది.

గురువారం నాడు తీర్పు వచ్చింది. ఆఫీసులో అచ్చు తీసి ఇంటికి పట్టుకొచ్చాను. ఖాతాను తిరిగి తెరిచారు. జరిగినదానికి శిక్షగా గోదాం మామ ఫైనల్‌ను సగం బిళ్ళలతో మొదలుపెట్టాలి. ఖాతాదారు ఒంటరిగా ఆడాలి. మరొకరి చెయ్యి గానీ, మాట గానీ ఉండకూడదు. చివర ఒక వాక్యం: 'ఎవరూ ఫిర్యాదు చేయకముందే ఆటగాడు తానుగా విషయం తెలియజేశారు, మోసపు ఉద్దేశం మాకు కనిపించలేదు.' మామ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. "మోసం లేదని ఉన్నదా? సక్కగ సూడు." ఉంది మామా. "సంతకం?" ఉంది మామా. మడతపెట్టబోతే నా చేతిలోంచి లాక్కున్నాడు.

శుక్రవారం జుమా నమాజు నుంచి భాయ్ వచ్చాక, అన్నాలు తిని, మామను కుర్చీలో కూర్చోబెట్టి, మేమిద్దరం బయటికి వచ్చి తలుపు వేశాం. వరండాలో రెండు బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. ఆ గంటన్నరలో నేను నేర్చుకున్నది కళాశాలలో ఎవరూ నేర్పలేదు. ఎందుకంటే మామ నోరు మూసుకుని ఆడే మనిషి కాదు. "ఆఁ, రాణొచ్చింది," అని లోపలినుంచి వినిపించేది. "ఇంకో రాణి గూడ ఉన్నది. అరె, వీడెందుకు గిన్ని వెడుతున్నడు?" నాకు తెలుసు వాడెందుకు పెడుతున్నాడో! చెప్పకూడదు. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, నిబంధనలను ఒకటి నుంచి వరసగా మనసులో చదువుకున్నాను. పక్కన భాయ్ కుడిచేతిని ఎడమ చంకలో బిగించి కూర్చున్నాడు, అదెక్కడ తనంతట తాను లోపలికి వెళ్ళిపోతుందోనన్నట్టు. అంతలో మామ గొంతు ఒక్కసారిగా పెరిగింది: "పోవాల్నా, ఉండాల్నా? ఏ అధ్యక్షా, జర జెప్పరాదురా!" అలవాటులో అడిగేశాడు పాపం, మేము పక్కనే ఉన్నామనుకుని. అంతే అలవాటుగా నా నోరు తెరుచుకుంది. 'వదిలెయ్ మామా' అన్న మాట నాలుక చివరికి వచ్చింది. భాయ్ చంకలోంచి చెయ్యి తీసి నా నోటి మీద గట్టిగా అదిమాడు. మౌస్ ముట్టకూడని చెయ్యి, మాట్లాడకూడని నోరు, రెండూ అలా ఒకదానికొకటి కాపలా కాశాయి. ఆ అరచేతికి ఏసీ ధూళి వాసన, ఉల్లిపాయ వాసన, మధ్యాహ్నం బిర్యానీ వాసన ఉన్నాయి.

లోపల కుర్చీ కిర్రుమంది. "యల్లా! అల్ ఐన్!"

తర్వాత తలుపు తెరుచుకుంది. మామ గడపలో నిలబడ్డాడు. "పోయిన," అన్నాడు. తొమ్మిది మందిలో తొమ్మిదోవాడు. "బస్సెక్కిన గాని, అది అల్ ఐన్ దాక పోలే. మజ్జలనే ఆగింది." అని తనే ముందు నవ్వాడు. భాయ్ అప్పుడు గానీ నా నోటి మీంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం చాయ్ వేళకు ఫోన్ వచ్చింది. బామ్మర్దిది మూడో స్థానం. "సూసినవా బావా? సక్కగ ఆడుడంటె గిట్లుంటది!"

"మస్తుగాడినవు బామ్మర్దీ," అన్నాడు మామ తీరిగ్గా. "ఎవలెవలు ఆడిండ్రు?"

అటువైపు మాట ఆగింది. ఆ ఖాళీలోంచి గ్యారేజీలో ఎవరివో గొంతులు స్పష్టంగా వినిపించాయి. "అన్నా, ఆఖరిది నేనొద్దంటనే ఉన్న, నువ్వే నొక్కుమంటివి!" "అరె, నొక్కింది నేను గాదు, గా మలబారీ!" మామ కళ్ళు మెల్లగా వెడల్పయ్యాయి. నేను బకెట్ మీంచి లేచాను. నాలుగో నిబంధన నా నోట్లో సిద్ధంగా ఉంది. మామ చెయ్యి ఎత్తి నన్ను ఆపి, ఫోన్‌లో చాలా మర్యాదగా అన్నాడు: "బామ్మర్దీ, మా రూముల అధ్యక్షుడున్నడు. ఉత్తరాలు మస్తుగ రాస్తడు. నీ గురించి గూడ ఒకటి రాయమందునా?"

"ఏ, వద్దు బావా... ఊకోరాదు బావా..."

'తొండి' అన్న మాట ఆ ఫోన్‌లోనే ఆగిపోయింది. తర్వాతి శుక్రవారం నుంచి "ఏం బావా, మంచిగున్నవా?" అని మాత్రమే వినిపించేది. మొదట్లో రెండు వారాలు మామకు ఏదో లోటుగా కూడా అనిపించినట్టుంది. మేము రాయలేదు. రాయమని నేను ఒకసారి అనబోయాను, భాయ్ తన అరచేతిని చూసుకున్నాడు, ఊరుకున్నాను.

మామ ఆ తీర్పు కాగితానికి ప్లాస్టిక్ పూత వేయించాడు. సెలవు మీద ఊరికి వెళ్తూ పెట్టెలో చీరల మీద, మడత పడకుండా పెట్టుకున్నాడు. తాను మోసగాడు కాదని ప్రపంచంలో ఎవరో సంతకం పెట్టి ఇచ్చిన ఏకైక కాగితం అది. విమానాశ్రయంలో లోపలికి వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "అధ్యక్షా, నీకొక్కనికి జెప్త, మల్ల దీని మీద ఉపన్యాసమియ్యకు" అన్నాడు. "గా పెండ్లి మర్నాడు నేను కట్టింది పట్టు పంచె గాదు. నూలుది." అని, నేను నోరు తెరిచేలోగా బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. పట్టుకు జారే గుణం గురించి నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. చిన్న అక్షరాలు చదవడం మానలేదు గానీ, కళ్ళజోడు వెతుక్కునేలోపు సగం ఆసక్తి పోతోంది. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో ముక్కల ఆట ఆడుతూ, కీలకమైన చోట ఆగి, ఫోన్ నా ముందు పెట్టింది. "నాన్నా, ఈ ఒక్కటి నువ్వు నొక్కు. నీ చెయ్యి మంచిది."

"ఒక ఖాతాకు ఒక మనిషి అని నిబంధన ఉంటుంది, చదివావా?"

"నాన్నా, నొక్కు."

నేను తెర వైపు చూడలేదు. గోడ గడియారం వైపు చూస్తూ, ఒకే ఒక్క వేలితో నొక్కాను.